‘ఉరికొయ్య జడ్జి’ – ఒక ఆడిట్

అమెరికన్ కౌబాయ్ సినిమాలు చూసే అలవాటున్నవారికి ‘హ్యాంగింగ్ జడ్జ్’ అనే మాట పరిచయమే. ఉదయం విచారణ, మధ్యాహ్నం తీర్పు, సాయంత్రం ఉరి - ఇదీ ఆ సినిమా జడ్జి దినచర్య. ఈ బొమ్మకు మూలమైన మనిషి నిజంగానే ఉన్నాడు. పేరు ఐజాక్ పార్కర్. 1875 నుంచి 1896 వరకు ఇరవై ఒక్క ఏళ్లు ఆర్కన్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ స్మిత్ పట్నంలో ఫెడరల్ జిల్లా జడ్జిగా పనిచేశాడు.

నేను లాయర్ని కాను. రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్ఫై ఏళ్లకు పైగా ఓచర్లు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. ఎవరైనా ఒకరిని రాక్షసుడన్నా, దేవుడన్నా ‘ముందు లెక్క చూపించండి’ అనడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. హేతువాదులకు కూడా అదే ఉండవలసిన అలవాటు కదా! అందుకే పార్కర్ లెక్క చూద్దాం.

పార్కర్ 1838లో ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. మిస్సోరీలో లాయరుగా స్థిరపడి, అక్కడి నుంచి 1871 - 75 మధ్య కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నాడు. అధ్యక్షుడు గ్రాంట్ అతన్ని ఫోర్ట్ స్మిత్ జడ్జిగా నియమించే నాటికి వయసు 36 ఏళ్లు. ఆ కోర్టుకు అప్పటికే మంచి పేరు లేదు. ముందున్న జడ్జి విలియం స్టోరీ లంచాల ఆరోపణలు వచ్చి, అభిశంసన తప్పించుకోవడానికి 1874లో రాజీనామా చేశాడు.

ఆ కోర్టు పరిధి మామూలుది కాదు. ఇప్పటి ఓక్లహోమా ప్రాంతాన్ని అప్పట్లో ‘ఇండియన్ టెరిటరీ’ అనేవారు. చెరోకీ, క్రీక్, చాక్టా మొదలైన ఆదివాసీ జాతులను వాళ్ల సొంత నేలల నుంచి తరిమి అక్కడ పెట్టారు. ఆ జాతులకు సొంత కోర్టులు ఉండేవి, కాని అవి తమ వాళ్లను మాత్రమే విచారించగలవు. బయటివాడు నేరం చేసినా, బయటివాడి మీద నేరం జరిగినా కేసు ఫోర్ట్ స్మిత్‌కు రావలసిందే. అందువల్ల బయట నేరాలు చేసి పారిపోయిన వాళ్లకు ఆ ప్రాంతం మంచి దాక్కునే చోటయింది.

1875 మేలో పార్కర్ కోర్టు తెరిచాడు. ఆ మొదటి విడతలోనే ఎనిమిది మందికి మరణశిక్ష పడింది. ఒకడు పారిపోబోయి కాల్పుల్లో చనిపోయాడు, ఒకడి శిక్ష తగ్గింది. మిగిలిన ఆరుగురినీ సెప్టెంబరు 3న ఒకే ఉరికొయ్యకు ఒకేసారి వేలాడదీశారు. వారిలో తెల్లవాళ్లు, ఆదివాసీలు, ఒక నల్లజాతివాడు ఉన్నారు. జనం వేలల్లో వచ్చి చూశారు. పత్రికలు దేశమంతా మోగించాయి. ఆ రోజు అంటుకున్న పేరు మళ్లీ ఊడలేదు. అతను పోయిన రెండేళ్లకు, 1898లో, ఎస్. డబ్ల్యు. హార్మన్ రాసిన ‘హెల్ ఆన్ ది బోర్డర్’ అనే లావుపాటి పుస్తకం ఆ పేరుకు సున్నం వేసి గట్టిచేసింది.

ఇక అంకెలు. ఇరవై ఒక్క ఏళ్లలో అతని కోర్టుకు వచ్చిన కేసులు 13,490. నేరం రుజువైనవి, ఒప్పుకున్నవి కలిపి 9,454. మరణశిక్షలు 160. నిజంగా ఉరితీసింది 79 మందిని. అంటే శిక్షపడిన ప్రతి వందమందిలో ఉరికంబమెక్కింది ఒక్కరు కూడా కాదు. సగటున ఏడాదికి నలుగురి లోపు. కోర్టు పనిలో ఎక్కువ భాగం సారా అమ్మకాలు, దొంగతనాలు, దాడుల లాంటివే. పైగా హత్య, మానభంగం రుజువైతే మరణశిక్ష తప్ప మరో శిక్ష వేసే వెసులుబాటు ఆనాటి ఫెడరల్ చట్టంలో జడ్జికి లేదు. నేరం జరిగిందా లేదా తేల్చేది జ్యూరీ. కాబట్టి రోజూ ఉరి తీయించిన జడ్జి అన్నది కట్టుకథ.

అయితే సగటు చూపించి కేసు మూసేయడం కూడా మోసమే. నాకు కనబడిన అసలు ‘అభ్యంతరాలు’ రెండున్నాయి.

మొదటిది జీతాల పద్ధతి. నేరస్థులను పట్టుకునే డిప్యూటీ మార్షల్స్‌కు నెల జీతం లేదు. మైలుకు ఇన్ని సెంట్లు, అరెస్టుకు ఇన్ని డాలర్లు అని ఫీజులే. ఒక రకంగా మన టి.ఏ. బిల్లు లాంటిది. అందులోంచి పై అధికారి వాటా కోత. పట్టుకోబోయేటప్పుడు నిందితుడు చనిపోతే ఫీజు పోయేది, చాలాసార్లు పాతిపెట్టే ఖర్చు కూడా నెత్తిన పడేది. ప్రాణాలతో పట్టుకొస్తేనే డబ్బు అనే నియమం ఒక విధంగా మంచిదే. కాని అరెస్టుల సంఖ్య మీద ఆదాయం ఆధారపడితే చిల్లర కేసులు పెరగవా? ఈ పనిలో అరవై మందికి పైగా డిప్యూటీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సినిమా చూసినవాళ్లకు వాళ్ల తుపాకులే గుర్తుంటాయి కాని, వాళ్ల బిల్లులు గుర్తుండవు.

రెండోది చాలా పెద్దది. 1889 దాకా పార్కర్ కోర్టులో మరణశిక్ష పడితే అప్పీలు లేదు. దేశాధ్యక్షుడి క్షమాభిక్ష ఒక్కటే దారి. 1889లో కాంగ్రెస్ చట్టం చేసి సుప్రీంకోర్టుకు అప్పీలు హక్కు ఇచ్చింది. అప్పుడు ఏం జరిగింది? పైకి వెళ్లిన అతని మరణశిక్ష కేసుల్లో దాదాపు మూడింట రెండు వంతులు సుప్రీంకోర్టు కొట్టేసి వెనక్కు పంపింది.

ఎందుకు కొట్టేసిందో చూస్తే హేతువాదులకు ఆసక్తి కలుగుతుంది. తరిమేవాడు లేకపోయినా దుర్మార్గుడు పరుగెత్తుతాడని బైబిల్లో ఒక సామెత ఉంది. పారిపోవడాన్ని నేరానికి సాక్ష్యంగా చూపుతూ పార్కర్ జ్యూరీలకు చేసిన బోధలో ఈ ధోరణి బలంగా ఉండేది. 1896లో ఆల్బర్టీ అనే నిందితుడి కేసులో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. ఏ పాపమూ ఎరగనివాడు కూడా అనుమానం తన మీదకు వస్తుందన్న భయంతో పారిపోవచ్చు, ఆ సామెత నేరచట్టంలో సిద్ధాంతం కాదు అని తేల్చింది. ఈ తీర్పు రాసిన జస్టిస్ బ్రౌనే అదే ఏడాది ప్లెసీ కేసులో తెల్లవారికీ నల్లవారికీ వేరువేరు రైలు పెట్టెలు ఉండవచ్చని రాశాడు. ఒక విషయంలో సరిగ్గా ఆలోచించినవాడు అన్నిటిలోనూ సరిగ్గా ఆలోచిస్తాడన్న గ్యారంటీ లేదు!

పార్కర్‌కు కోపం వచ్చింది. 1895లో చెరోకీ బిల్ అనే పేరుమోసిన హంతకుడు, అప్పీలు నడుస్తుండగా జైల్లోనే దొంగచాటుగా తెచ్చుకున్న తుపాకీతో ఒక గార్డును కాల్చి చంపాడు. ఈ చావుకు సుప్రీంకోర్టు జాప్యమే కారణమని పార్కర్ బహిరంగంగా అన్నాడు. వినడానికి బాగుంటుంది. కాని జైల్లోకి తుపాకీ రావడం జైలు నిర్వహణ లోపం, అప్పీలు లోపం కాదు.

ఇప్పుడు ఆడిటరుగా నా ప్రశ్న. వంద ఓచర్లలో నమూనాగా కొన్ని తీసి చూస్తే మూడింట రెండు వంతులు తప్పులతడకగా తేలాయనుకోండి. మేమైతే ఏం చేస్తాం? పాత సంవత్సరాల కట్టలన్నీ విప్పిస్తాం. తీర్పు కొట్టేయడమంటే నిందితుడు నిర్దోషి అని కాదు, నిజమే. పైకి వెళ్లినవి వివాదం ఉన్న కేసులే కావచ్చు, అదీ నిజమే. తిరిగి విచారిస్తే మళ్లీ శిక్షపడిన వాళ్లూ ఉన్నారు. అయినా 1889కి ముందు ఉరితీసినవాళ్ల కేసులూ ఇదే జడ్జి, ఇదే రకం బోధతో నడిపినవే. ఆ కట్టలు విప్పినా లాభం లేదు. ఎక్కువ చెల్లించిన బిల్లును రికవరీ చేయవచ్చు, మనిషిని చేయలేం.

పార్కర్‌ను దుర్మార్గుడని కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. ఆదివాసీల భూముల్లోకి చొరబడిన వలసదారుల నాయకుడు డేవిడ్ పేన్‌కు 1881లో వెయ్యి డాలర్ల జరిమానా వేశాడు. ఫోర్ట్ స్మిత్‌లోని పాత మిలిటరీ భూమిని పట్టణంలోని బడుల నిధికి మళ్లించడానికి పూనుకుని సాధించాడు. అతనికి లంచగొండి అన్న పేరు ఏనాడూ రాలేదు.

1896 సెప్టెంబరుతో ఇండియన్ టెరిటరీ మీద ఆ కోర్టు అధికారం రద్దయింది. నవంబరు 17న పార్కర్ చనిపోయాడు. మంచాన ఉండగా ఒక మహిళా విలేఖరికి ఇచ్చిన ఇంటర్వ్యూలో, శిక్ష తప్పకుండా పడుతుందనే భరోసా ఉంటే మరణశిక్షను రద్దు చేయడానికి తాను అనుకూలమేనని చెప్పాడు. నేరాలకు కారణం శిక్ష చిన్నదవడం కాదు, పడుతుందో లేదో తెలియకపోవడమని అతని అభిప్రాయం. సరిగ్గా ఈ మాటే ఇటలీ ఆలోచనాపరుడు బెకారియా 1764లోనే రాశాడు. 160 మందికి మరణశిక్ష చదివి వినిపించిన మనిషి చివరికి అక్కడికే వచ్చాడు.

ఏదైనా ఘోరం జరిగినప్పుడల్లా మన టీ కొట్ల దగ్గర, టీవీ చర్చల్లో ‘విచారణ ఎందుకు, అప్పీళ్లు ఎందుకు, వెంటనే ఉరితీయండి’ అనే మాట వినిపిస్తుంది. అలాంటివారికి ఫోర్ట్ స్మిత్ లెక్క చూపించండి. అప్పీలు లేని రోజుల్లో ఆ కోర్టులో తప్పులు లేకపోవడం కాదు, వాటిని పట్టుకునేవాడు లేడు. తనిఖీ లేని లెక్క ఎప్పుడూ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది.