పొరపాటున పందెం ఖాతాలో పడిన సొమ్ము

ఉప్పుటేరు ఒడ్డున ఉన్న ఆకివీడు చేపలకు, రొయ్యలకు, వరికి పేరుపడిన ఊరు కావడంతో చెరువు లీజు, మేత, ఐసు, లారీ కిరాయి వంటి పద్దుల కింద పెద్ద మొత్తాలు ఫోను మీదనే ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు కదలడం అక్కడ రోజూ జరిగే పని. ఆకివీడు, ఉండి, భీమవరం మొదలుకొని ఏలూరు, తాడేపల్లిగూడెం దాకా విస్తరించిన ఇదే ప్రాంతంలో సంక్రాంతి మూడు రోజులూ బరుల చుట్టూ పందెం డబ్బు చేతులు మారడం కూడా తరతరాలుగా వస్తున్నదే. వ్యాపారపు సొమ్ము, పందెపు సొమ్ము ఒకే ఫోనులోంచి, ఒకే యూపీఐ ద్వారా నడవడం మొదలైన తర్వాత కొత్త తరహా తగాదా ఒకటి తలెత్తింది: మేత కొట్టుకు వెళ్లవలసిన డబ్బు ఒక అంకె తేడాతో ఆన్‌లైన్ జూదం నడిపేవారి ఖాతాలో పడితే దాన్ని ఎవరిని అడగాలి, ఏ చట్టం ఆధారంగా అడగాలి, జూదంతో ముడిపడిన సొమ్మును కోర్టు అసలు ముట్టుకుంటుందా అన్నది ఆ తగాదా సారాంశం. తగాదా కొత్తదే అయినా దాన్ని తేల్చవలసిన సూత్రాలు చాలా పాతవి. పందేనికి సంబంధించినవి కొన్ని, పొరపాటు చెల్లింపుకు సంబంధించినవి కొన్ని, వేర్వేరు దారుల్లో పెరిగి ఇక్కడ ఎదురుపడ్డాయి.

ప్రాచీన ధర్మశాస్త్రాలు రాజు విచారించవలసిన వివాదాలను పద్దెనిమిది రకాలుగా విభజించి, వాటిని వ్యవహారపదాలు అన్నాయి. వాటిలో చివరివైన ద్యూత సమాహ్వయాల్లో ద్యూతం పాచికల వంటి ప్రాణం లేని వస్తువులతో ఆడేది, సమాహ్వయం కోళ్లు, పొట్టేళ్లు వంటి ప్రాణులను పోరాడించి కాసే పందెం. ఈ లెక్కన గోదావరి జిల్లాల కోడిపందెం అచ్చమైన సమాహ్వయమే. మనుస్మృతి రెండింటినీ రాజ్యంలో ఉండనివ్వరాదంటే, యాజ్ఞవల్క్యుడు, నారదుడు రాజు కనుసన్నల్లో సాగనిచ్చారు. యాజ్ఞవల్క్యస్మృతి ప్రకారం జూదశాల నడిపేవాడిని సభికుడంటారు. నూరు, అంతకుమించిన గెలుపు మీద నూటికి ఐదు, తక్కిన వాటి మీద నూటికి పది అతని వంతు. రాజుకు చెందవలసిన భాగం చెల్లించి, ఓడినవాడి నుంచి సొమ్ము రాబట్టి గెలిచినవాడికి అప్పగించడం అతని బాధ్యత. పేరున్న జూదశాలలో, సభికుడి సమక్షంలో, రాజభాగం ముట్టిన ఆటలో గెలిచిన సొమ్మును మాత్రమే రాజు ఇప్పించాలి, మరోచోట ఆడినదాన్ని పట్టించుకోనక్కరలేదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో తిక్కన శిష్యుడు కేతన ‘విజ్ఞానేశ్వరీయం’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కాబట్టి ఆ న్యాయశాస్త్రం తెలుగు చదువరికీ అందింది. జూదం మంచిదా చెడ్డదా అన్న చర్చ కంటే డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఆ చెయ్యి ఎవరిదో ఊరికి తెలుసా అన్న ప్రశ్నకు స్మృతికారులు ఇచ్చిన ప్రాధాన్యమే నేటి వివాదానికి ఎక్కువగా పనికివస్తుంది.

చట్టం ఒప్పుకోకపోయినా బరి దగ్గర ఆ సభికుడి నీడ నేటికీ కనిపిస్తుంది. డేగ, కాకి, నెమలి అంటూ రంగును బట్టి జాతులెంచి కోళ్లను జతకలిపిన తర్వాత, కత్తులు కట్టకముందే రెండు పక్షాల అసలు పందెం సొమ్ము బరి నిర్వాహకుడి దగ్గరో ఇరువురూ నమ్మిన మధ్యవర్తి దగ్గరో చేరుతుంది. చుట్టూ నిలబడినవారు తమలో తాము కాసుకునే పైపందేలు నోటిమాట మీద, వేళ్ల సైగల మీద కుదురుతాయి. కోడి పడిపోయిన కొద్ది నిమిషాల్లోనే లెక్క తేలిపోతుంది, నిర్వాహకుడు తన శాతం మినహాయించుకుంటాడు. ఒకరికి ఇవ్వవలసిన కట్ట మరొకరి చేతిలో పడినా, నోటు ఒకటి ఎక్కువ వెళ్లినా, పుచ్చుకున్న మనిషి ఎదురుగానే ఉంటాడు, అతని ఊరూ ఇంటిపేరూ పదిమందికీ తెలిసే ఉంటాయి. అడ్డం తిరిగినవాడిని మరుసటి ఏడు ఆ బరిలో ఎవరూ నమ్మరు గనుక కోర్టు గడప ఎక్కకుండానే పొరపాట్లు సర్దుబాటయ్యేవి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి జూద నిషేధ చట్టం రెండూ ఈ పందేలను నేరమన్నా, 2016 డిసెంబరులో హైకోర్టు నిషేధాన్ని గట్టిగా అమలు చేయమన్నా బరులు ఆగలేదన్నది అందరికీ తెలిసిన సంగతే.

ఇంగ్లీషు పాలనలో కోర్టుల ధోరణి కొంతకాలం తికమకగా సాగింది. కలకత్తాలో ప్రభుత్వం జరిపే నల్లమందు వేలంలో సగటు ధర ఎంత పలుకుతుందన్న దానిమీద బొంబాయి వర్తకులు కాసిన పందెం ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లగా, జూదపు ఒప్పందాలు చెల్లవంటూ ఇంగ్లండు 1845లో చేసుకున్న చట్టం హిందూదేశానికి వర్తించదని, అందుచేత ఆ పందెం చెల్లుతుందని 1848లో తీర్పు వచ్చింది. అదే ఏడాది చేసిన 21వ చట్టం ఆ దారిని మూసివేసింది. దాని సారమే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 30వ సెక్షన్ అయింది. పందెం ఒప్పందం చెల్లదని, గెలిచామంటూ గాని, ఫలితం తేలేదాకా మధ్యవర్తి దగ్గర ఉంచామంటూ గాని ఆ సొమ్ముకోసం దావా వేయరాదని ఆ సెక్షన్ చెబుతుంది. ఓడినవాడు ఎగవేసినా గెలిచినవాడికి దిక్కులేదన్నమాట.

అయితే చెల్లకపోవడం వేరు, చట్టవిరుద్ధం కావడం వేరు. ఈ తేడాను 1959లో ఘేరులాల్ పరఖ్ కేసులో సుప్రీంకోర్టు తరఫున విడమరచి చెప్పిన న్యాయమూర్తి రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు. ధరల ఊహ మీద పందెం వ్యాపారం చేసిన ఇద్దరు భాగస్వాముల నష్టాల పంపకం అక్కడి తగాదా. పందేన్ని కోర్టు అమలు చేయకపోయినా ఆ పందేన్ని ఆనుకుని ఉన్న భాగస్వామ్యం వంటి ఒప్పందం చట్టవిరుద్ధం కాదని ఆయన తేల్చారు. హిందూ ధర్మశాస్త్రాల నిషేధాలు ఆచరణలో ఏనాడో సడలిపోయాయన్న చారిత్రక పరిశీలన కూడా ఆ తీర్పులో చోటుచేసుకుంది. గోదావరి గాలి పీల్చి పెరిగిన న్యాయమూర్తికి ఆ సడలింపు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసినదేమీ కాదు.

పొరపాటు చెల్లింపు చరిత్ర వేరే దారిది. 1841లో ఇంగ్లండులో కెల్లీ, సొలారి కేసులో, కాలం చెల్లిన పాలసీ అన్న సంగతి మరచి బీమా కంపెనీ సొమ్ము చెల్లించినప్పుడు, చెల్లించినవాడి అజాగ్రత్త అతని హక్కును హరించదని కోర్టు చెప్పింది. మన కాంట్రాక్టు చట్టంలో 72వ సెక్షన్ ఇంకా సూటిగా మాట్లాడుతుంది: పొరపాటు వల్ల గాని, బలవంతం వల్ల గాని ఎవరికైనా డబ్బు చేరితే అతడు దాన్ని తిరిగి ఇవ్వాలి. పొరపాటు వాస్తవానికి సంబంధించినదైనా, చట్టం తెలియక చేసినదైనా ఈ సెక్షన్ కిందికే వస్తుందని 1949లో ప్రీవీ కౌన్సిల్, 1958లో బనారస్ అమ్మకపు పన్ను కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచాయి. ఇక్కడ ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య ఒప్పందమే లేదు గనుక 30వ సెక్షన్ అడ్డు రాదు. మేత కొట్టుకని పంపిన రైతు ఎవరితోనూ పందెం కాయలేదు.

ఈ రెండు సూత్రాలు ముఖాముఖి తలపడిన ప్రసిద్ధ సందర్భం లండన్‌లో 1991లో ముగిసింది. ఒక న్యాయవాద సంస్థ భాగస్వామి ఆ సంస్థ ఖాతాలోని సొమ్ము కాజేసి ప్లేబోయ్ క్లబ్బులో జూదమాడగా, సంస్థ ఆ క్లబ్బు మీద దావా వేసింది. డబ్బుకు బదులుగా తాము ఆట బిళ్లలు ఇచ్చామని, కాబట్టి ఉచితంగా పుచ్చుకోలేదని క్లబ్బు వాదించింది. జూదపు ఒప్పందమే చెల్లనప్పుడు బిళ్లలు ప్రతిఫలం కానేరవని ప్రభువుల సభ ఆ వాదాన్ని తోసిపుచ్చి, క్లబ్బు నికరంగా మిగుల్చుకున్నంత మేరకు తిరిగి ఇవ్వాలంది. అతనికి గెలుపుల కింద క్లబ్బు చెల్లించినదాన్ని మాత్రం మినహాయించింది. అంటే సొమ్ము జూదశాలకు చేరినంత మాత్రాన అసలు సొంతదారు దాన్ని వదులుకోనక్కరలేదు. అది దొంగిలించిన సొమ్ము కథ గనుక పొరపాటు సొమ్ముకు అచ్చంగా సరిపోకపోవచ్చు, కాని వాదన నడవవలసిన తోవ అదే.

తెలుగునాట జూదపు చట్టాలు కూడా ఈలోగా మారాయి. కోస్తా జిల్లాల్లో 1930 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో నిజాం కాలపు హైదరాబాదు చట్టం అమల్లో ఉండగా 1974లో రాష్ట్రమంతటికీ ఒకే చట్టం వచ్చింది. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసు 1968 నాటి లా రిపోర్టులకెక్కింది. అందులో సుప్రీంకోర్టు, రమ్మీలో జ్ఞాపకశక్తి, నేర్పు ప్రధానమని, మూడు ముక్కలాట లాగా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని చెప్పింది. పదమూడు ముక్కల పేకాట గురించి చెప్పిన ఆ మాటను అరశతాబ్దం తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు తమకు కవచంగా తగిలించుకున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో నేర్పు, అదృష్టం తేడా చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 132 వెబ్‌సైట్లను, యాప్‌లను అడ్డుకోవాలని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి 2020 అక్టోబరులో కేంద్రానికి లేఖ రాశారు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం దేశమంతటా డబ్బు ఆటలను నిషేధించడంతోపాటు బ్యాంకులు, చెల్లింపు సంస్థలు వాటికి సొమ్ము చేరవేయరాదని శాసించింది. ఘేరులాల్ నాటికి చెల్లనిదిగా మాత్రమే ఉన్న పందెం ఈ నిషేధాలతో చట్టవిరుద్ధం కూడా అయింది. పందెం కాసినవాడు కోర్టులో నిలబడే చోటు మరింత కుంచించుకుపోయింది, పొరపాటున పంపినవాడి హక్కు మాత్రం చెక్కుచెదరలేదు.

హక్కు మిగిలినా డబ్బు చేతికి రాకపోవడానికి కారణం బదిలీ జరిగే పద్ధతిలో ఉంది. ఎలక్ట్రానిక్ బదిలీల్లో పేరుతో పనిలేకుండా ఖాతా నంబరు ఒక్కదాని ఆధారంగా జమ చేయవచ్చని, నంబరు సరిచూసుకోవలసినది పంపేవాడేనని రిజర్వు బ్యాంకు 2010 అక్టోబరులో నిర్దేశించింది. 2016లో వచ్చిన యూపీఐ నొక్కేముందు పేరు చూపిస్తుంది గాని, నెఫ్ట్, ఆర్టీజీఎస్ బదిలీల్లో పేరు కనిపించే ఏర్పాటును 2025 ఏప్రిల్ 1లోగా కల్పించాలని 2024 డిసెంబరు చివరలో గాని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించలేదు. పుచ్చుకున్న ఖాతాదారు ఒప్పుకోకుండా బ్యాంకు తనంతట తాను జమను వెనక్కి తీయదు. అటువైపు ఉన్నది మామూలు మనిషయితే నచ్చజెప్పవచ్చు. జూదం నడిపేవారు వాడేది చాలాసార్లు అద్దె ఖాతా, అంటే కమీషన్‌కు ఆశపడి ఒక విద్యార్థో కూలీయో తన పేర తెరిచి, ఏటీఎం కార్డుతో సహా అప్పగించిన మ్యూల్ ఖాతా. అందులో పడిన సొమ్ము నిమిషాల్లో మరో రెండు మూడు ఖాతాలకు చీలిపోతుంది. కాగితం మీద బాధ్యుడు ఆ ఖాతాదారే. అతని దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు, సొమ్ము మింగినవాడి పేరు అతనికీ తెలియదు. సభికుడు లేని జూదాన్ని రాజు పట్టించుకోనక్కరలేదన్న యాజ్ఞవల్క్యుడి షరతు వెనుక ఉన్న చిక్కు ఇదే.

దీనికి తోడు పోలీసులు అనుమానిత ఖాతాలను స్తంభింపజేసినప్పుడు, ఆ గొలుసులో ఎక్కడో ఒకసారి తగిలిన మామూలు వర్తకుడి ఖాతా కూడా ఆగిపోవచ్చు. మరో వైపు, ఆటలో పోగొట్టుకున్న తర్వాత ‘పొరపాటున పంపాను’ అని ఫిర్యాదు చేసేవారూ ఉంటారు గనుక ప్రతి ఫిర్యాదునూ బ్యాంకులు అనుమానంతో చూస్తాయి. ఒకే ఖాతాకు పలుమార్లు వెళ్లిన చిన్న చిన్న మొత్తాలు ఒక కథ చెబుతాయి. అంతకుముందు ఎన్నడూ లేని ఖాతాకు, అదే రోజు చెల్లించవలసిన బిల్లుకు సరిగ్గా సమానమైన మొత్తం ఒక్కసారి వెళ్లడం వేరే కథ చెబుతుంది. పొరపాటును రుజువు చేయవలసిన భారం పంపినవాడిదే కాబట్టి మేత కొట్టు బిల్లు, అసలు ఖాతా నంబరు, లావాదేవీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు ఈ వివాదాల్లో ప్రధాన సాక్ష్యాలవుతాయి.

మోసం జరిగితే ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది. కేవలం పొరపాటయితే మొదట సొంత బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపి, 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడా తేలకపోతే మిగిలేది 72వ సెక్షన్ కింద సివిల్ దావా. దానికి కాలపరిమితి మూడేళ్లు, పొరపాటు బయటపడిన నాటి నుంచి లెక్క.