సరోజినీదేవి యాంగ్లకవితలో పరదా

ముఖము చంద్రునివలె నున్నదన్న నుపమ. ముఖమే చంద్రుడన్న రూపకము. ఆంగ్లేయుల మెటాఫరు దాదాపు మన రూపకమే యని బడిలో నేర్చి మఱచుచుందుము. ఆ 'వలె' యను చిన్నమాట యుండుటకును లేకుండుటకును ఎంత భేదము గలదో చూపుటకు మన హైదరాబాదు పాతనగరముపై పుట్టిన యాంగ్లకవితలే చాలును.

సరోజినీదేవి 1879లో హైదరాబాదున జన్మించిరి. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులు వంగదేశీయులు. నిజామువారి విద్యార్థివేతనముతో 1895లో ఇంగ్లండునకు పోయిన యామె తొలి పద్యములను చూచి, ఎడ్మండ్ గాస్ అను విమర్శకుడు ఇంగ్లండు పక్షులను మాని స్వదేశమును గూర్చి వ్రాయుమని హితవు చెప్పెను. 1898లో డాక్టరు గోవిందరాజులు నాయుడుగారితో కులాంతర వివాహము మదరాసులో జరిగినది. జరిపించినవారు మన వీరేశలింగము పంతులుగారు.

1905లో లండనున వెలువడిన 'ది గోల్డెన్ త్రెషోల్డ్' సంపుటమున హైదరాబాదు సాయంకాలముపై నొక కవిత గలదు. అందు ఆకాశము పావురము కంఠమువలె మెఱయును. నది నగరద్వారపు నోటినుండి వెడలిన యేనుగు దంతమువలె వంగియుండును. మసీదునుండి వచ్చు పిలుపు యుద్ధపతాకమువలె తేలును. రాత్రి వంతెనమీదుగా రాణివలె విచ్చేయును. అన్నియు నుపమలే. నది నదిగానే యుండును, దంతము దంతముగానే యుండును. చూచి సంతోషించి ముందునకు సాగుదుము. మూడేండ్లకు, 1908 సెప్టెంబరు 28న, ఆ మూసీయే నగరమును ముంచినది. దంతము పొడుచునని కవయిత్రి తలచి యుండరు.

అదే సంపుటమున 'పర్దా నషీన్' అను చిన్న కవిత కలదు. అందు ఘోషాస్త్రీ వస్త్రములు ఉదయపు మంచువలె నుండును. ఆమె జాలకముల వెనుక తలపాగాలోని రత్నమువలె భద్రముగా నుండును. ఆ తలపాగా యెవరిది? రత్నము తన్ను తాను ధరించుకొనదు గదా! కవయిత్రి పరదాను పొగడుచున్నారని మేమును మొదట భ్రమపడితిమి.

కడపటి చరణమున 'వలె' మాయమైనది. అనుమతిలేని చేయి యేదియు తాకజాలని యా తెరను కాలము చడిలేక యెత్తును. దుఃఖము ఆమె ముఖములోనికి చూచును. కాలమునకు చేతిని, దుఃఖమునకు కన్నులను ఇచ్చుటను మనవారు సమాసోక్తి యందురేమో. ఆంగ్లేయులు మెటాఫరులోనే చేర్తురు. పేరుతో మనకు పనిలేదు, జరిగినపని చూడవలెను. అంతవరకు తెర యనగా బట్ట. కాలము దానిని పట్టగనే యది ఆమె యౌవనమును, నెమ్మదియు నైనది. రెండర్థములును ఒక్కమాటలో నిమిడినవి గనుక విడదీయరాదు. కాలము దొంగవలె వచ్చెనని చెప్పియున్నచో, దొంగ పోవును, పరదా మిగులును. ఇచ్చట ఏ రక్షణకొఱకు పరదా వేసిరో ఆ రక్షణయే ఆ మాటలోపల చిరిగిపోయినది.

సంఘసంస్కర్తలు ఉపన్యాసములలో చేసిన వాద మొక్కటియు నందు లేదు. సంవత్సరముల నెవ్వరాపుదురు, స్త్రీ కన్నులను కన్నీటినుండి యెవ్వరు కాపాడుదురని యడిగి, బదులు చెప్పకయే కవయిత్రి ముగించిరి.