ఏ తొవ్వకు ఏ బండి

మీ ఫోన్లల్ల ఉన్న బస్సుల ఫోటోలన్నీ చూసిన బిడ్డా. ఏ బండి ఏ డిపోదో, లేలాండో టాటానో, ఏ సర్వీసు మీద తిరుగుతున్నదో మీరు టక్కున చెప్తుంటే నాకు మస్తు సంబురమైంది. జర మంట దగ్గరికి జరుగుండ్రి. చిన్నోని మీద చెద్దరి కప్పుండ్రి. “తాతా, కొత్త బండ్లన్నీ హైదరాబాద్‌కేనా? మనూరికి పాతయే ఎందుకేస్తరు?” అని అడిగిండ్రు గదా. నేను ఆర్టీసీల కండక్టర్‌గ చేరి కంట్రోలర్‌గ రిటైరైనోన్ని. ఏ బండి ఏ రూటుకు పోవాలె అన్న లెక్కల నడుమనే నా నౌకరంత గడిచింది. నింపాదిగ చెప్త, వినుండ్రి.

మొదలు నిజాం కాలం ముచ్చట. 1932 జూన్ 15 నాడు నిజాం రైల్వేవాళ్లే బస్సులు గూడ మొదలుపెట్టిండ్రు. 27 బండ్లు, 166 మంది పనోళ్లు. గంతే. బండ్లు ఆల్బియన్ కంపెనీవి, స్కాట్లాండ్ నుంచి ఓడల మీద దిగినయి. రైలు, బస్సు రెండూ ఒక్క సర్కారు శాఖ కిందనే ఉండె. రైలు దిగినోనికి బస్సు అందాలె, బస్సు దిగినోనికి రైలు అందాలె, అదీ వాళ్ల లెక్క. ఆర్టీసీ బండ్ల నంబర్లల్ల ‘జెడ్’ అక్షరం చూస్తరు గదా, నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిచ్చిండని పెద్దలు చెప్పుకుంటరు. 1951ల గా బస్సుల శాఖ హైదరాబాద్ రాష్ట్ర సర్కారు చేతికి వచ్చింది. 1958 జనవరి 11 నాడు ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. 27 బండ్లతోని మొదలైన సంస్థ, 1999 వరకు 18 వేల పైచిలుకు బండ్లతోని గిన్నిస్ బుక్కుల ఎక్కింది. గా పేరు విన్ననాడు మా డిపోల ఒక్కొక్కని మొకం ఎట్ల వెలిగిందో ఇప్పటికీ నా కండ్లల్ల ఉన్నది.

మరి మన బోధన్ దిక్కు గన్ని బస్సులు ఎందుకొచ్చినయి? నీళ్ల వల్ల. మంజీర మీద నిజాంసాగర్ కట్ట 1923ల మొదలుపెట్టి 1931ల పూర్తి చేసిండ్రు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ దానికి ఇంజనీరు. కాలువ నీళ్లు పారంగనే ఈ నల్ల రేగడి భూములల్ల చెరుకు మొలిచింది. చెరుకు ఉన్నదని 1937ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు, దాని చుట్టూ శక్కర్‌నగర్ లేచింది. జానకంపేట కాడ పెద్ద లైను నుంచి చీల్చి బోధన్ దాక రైలు పట్టాలేసిండ్రు. ఆసియాలనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని మా చిన్నప్పుడు బడిల పంతులు చెప్తుంటె మేం ఛాతి ఇరుసుకొని కూసుంటుంటిమి. నీళ్ల ఎంబడి చెరుకు, చెరుకు ఎంబడి ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ ఎంబడి మనుషులు, మనుషుల ఎంబడి బస్సులు. గిదీ వరుస.

ఇగ బండ్లు పంచుడు ఎట్లనో చెప్త. కొత్త బండి డిపోకు వచ్చిందనుకో, దాన్ని మొదలు దూరం సర్వీసుకే వేస్తరు. హైదరాబాద్ పోయి రావాలంటే మూడున్నర వందల కిలోమీటర్లకు పైనే. తొవ్వల ఆగితే వేరే డిపోవాళ్లను బతిమాలాలె, ప్యాసింజర్లను వేరే బండ్లల్ల ఎక్కియ్యాలె. గందుకని ఇంజను కొత్తగ ఉన్నప్పుడే దూరం తిప్పుతరు. లక్షల కిలోమీటర్లు తిరిగినంక సీట్లు మార్చి, రంగు మార్చి ఎక్స్‌ప్రెస్ చేస్తరు. గది గూడ అలసినంక పల్లెవెలుగు. ఆఖరికి తుక్కు. బండిని మోసం చేయరాదు బిడ్డా, దాని వయసుకు తగ్గ పని చెప్పాలె. లాగ్ షీటుల డ్రైవర్ రాసిన ఒక్కొక్క మాట చదువుతుంటిమి. “బ్రేకు ఎడమకు గుంజుతున్నది”, “మూడో గేరు ఎగురుతున్నది” అని రాసి ఉంటే గా బండి ఆ రాత్రి గ్యారేజీల నిలవడాల్సిందే, దాని జాగల స్పేర్ బండి పోవాల్సిందే.

కని మీకు తెల్వని ముచ్చట ఒకటున్నది. నైట్ హాల్ట్ బండి. రాత్రి ఊరికి పోయి, అక్కడ్నే పండుకొని, తెల్లారకముందే జనాన్ని ఎక్కిచ్చుకొని వచ్చే బండి. దాన్ని పాతది అని చిన్నచూపు చూడొద్దు. హైదరాబాద్ బండి ఆగితే తొవ్వల ఇంకో బండి దొరుకుతది. కందకుర్తి దిక్కు పొద్దుగాల అయిదింటికి బండి చాలు గాకపోతే, ఎంబడి వచ్చేటిది ఇంకొకటి లేదు. దవాఖానకు పోయే ముసలామె, నిజామాబాద్ గిరిరాజ్ కాలేజీకి పోయే పిలగాండ్లు, అంగడికి కూరగాయల గంపలు తెచ్చే ఆడోళ్లు అందరూ గా ఒక్క బండి మీదనే ఆశ పెట్టుకొని చీకట్ల నిలవడి ఉంటరు.

గందుకని నైట్ హాల్ట్ బండి బయటికి పంపేముందు మా మెకానిక్ రెండు చూస్తుండె. ఒకటి బ్యాటరీ, రెండు సెల్ఫ్. బండి పైకి ఎంత పాతదైనా సరే, అవి రెండు మాత్రం గట్టియి ఉండాలె. బ్యాటరీ మూతలు ఇప్పి, నీళ్లు తక్కువుంటే పోసి, తీగెల మీద పట్టిన తెల్ల బూజు గీకి, బిగిచ్చి, సెల్ఫ్ కొట్టి చెవి పెట్టి వింటుండె. ఒక్క ఏటుకు అందుకుంటె “పో” అంటుండె. రెండో ఏటు పడితె బండి మారుస్తుండె. అటెన్క డ్రైవర్ పని. పుష్యమాసం చలిల మంజీర ఒడ్డు ఊర్లల్ల డీజిల్ ఇంజను అంత అల్కగ లేవదు. తెలివిగల్ల డ్రైవర్ ఊర్ల ఎత్తు జాగ చూసి, బండి మొకం పల్లానికి పెట్టి, టైరు కింద రాయి వేసి పండుకుంటడు. తెల్లారి సెల్ఫ్ పలకకపోతె రాయి తీసి, బండిని ఉరికిచ్చి గేరుల వేసి లేపుతడు. పల్లం లేని ఊర్లల్ల ఊరోళ్లే వచ్చి నూకుతుండిరి. ఎవరూ పిలవకున్నా వస్తుండిరి. మన బస్సు అన్న పావురం గట్లుండె.

గానుగ సీజన్ వచ్చిందంటే లెక్కలన్నీ మారుతుండె. చలికాలం మొదలైతె చాలు, సడకంత చెరుకు బండ్లే. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు వరుసకట్టి శక్కర్‌నగర్ దిక్కు పాకుతుండె. నిజామాబాద్ నుంచి బోధన్‌కు ఇరవై అయిదు, ఇరవై ఆరు కిలోమీటర్ల తొవ్వ. మామూలు రోజులల్ల అల్కగ పోయే బండి, గప్పుడు సారంగాపూర్ దాటినంక జానకంపేట, ఎడపల్లి దాక మొదటి గేరు, రెండో గేరు మీదనే నడవాలె. క్లచ్చు మీద కాలు తీయనీకి ఉండదు. గందుకే సీజన్ల గా రూటుకు క్లచ్చు ప్లేటు కొత్తగ మార్చిన బండ్లు ఏరి పెడుతుంటిమి, టైమింగ్ గూడ ఇంకింత పెంచుతుంటిమి. గట్ల పెంచకుంటె డ్రైవర్ లేటును అందుకోనీకి తొందరపడతడు. తొందరపడితె ఎడ్లకు తగులుతది.

ఫ్యాక్టరీ సైరన్ మాకు గడియారం. షిఫ్టు దిగినోళ్లు గేటు కాడ నిలవడేసరికి బండి అక్కడుండాలె. వాళ్ల బట్టలకు మొలాసిస్ వాసన. బండెక్కితె బండంత గదే వాసన, టాపు మీద చెరుకు కట్టలు, పాల క్యాన్లు. జీతాల దినం సాయంత్రం ట్రిప్పుకు ఒక బండి ఎక్కువ వేస్తుంటిమి. పిల్లలకు కొత్త బట్టలు కొననీకి అందరూ నిజామాబాద్ ఉరుకుతరని మాకు ముందుగాల్నే తెలుసు. సీజన్ అయిపోంగనే పెండ్లిండ్ల స్పెషళ్లు. వసంత పంచమికి బాసర స్పెషళ్లు. రెండేండ్లకొక్కసారి మేడారం జాతర వస్తె డిపోల బండ్లు అటు దిక్కు పోతయి. గప్పుడు మిగిలిన బండ్లతోని ఊర్లను ఆదుకొనుడే అసలు పని.

ఇంకో దిక్కు సాలూర. మంజీర దాటితె మహారాష్ట్ర. మన బండ్లు బిలోలి, దెగ్లూర్, నాందేడ్ దిక్కు పోతయి, వాళ్ల బండ్లు బోధన్ బస్టాండ్‌కు వస్తయి. రెండు రాష్ట్రాల నడుమ ఒప్పందం ఉంటది. మన బండ్లు వాళ్ల నేల మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగితె, వాళ్ల బండ్లు మన నేల మీద సుమారు గన్నే తిరగాలె. మన డ్రైవర్లు మరాఠీ మాట్లాడుతుండిరి, వాళ్ల కండక్టర్లు తెలుగుల చిల్లర అడుగుతుండిరి, గొడవైతె ఇద్దరూ ఉర్దూల తీర్పు చెప్పుకుంటుండిరి. బోధన్ బస్టాండ్‌ల పెరిగినోనికి మూడు భాషలు ఎవరూ నేర్పనక్కర లేదు.

2002ల ఫ్యాక్టరీ ప్రైవేటోళ్లతోని జోడయింది. 2015 డిసెంబర్‌ల గేటుకు తాళం పడ్డది. నేను అప్పటికే రిటైరైన, కని నా పానం మస్తు గుంజింది. ఒక ఫ్యాక్టరీ మూతబడితె కూలి పోయింది, చెరుకు పోయింది అనే అందరూ చూస్తరు. బస్సోళ్లం మేం ఇంకొకటి చూస్తం. షిఫ్టుకు దిగే మనిషి లేడు, గేటు కాడ ఆగే పని లేదు. చెరుకు మళ్లలోకి వరి, మక్క, సోయా వచ్చినయి. ఒకప్పుడు కిక్కిరిసిన ట్రిప్పు ఖాళీగ పోతుంటె కిలోమీటరు ఆమ్దాని పడిపోతది. ఆమ్దాని పడిన ట్రిప్పును నిలబెట్టుడు ఏ డిపోకైనా కష్టమే.

మళ్ల 2023 డిసెంబర్ 9 వచ్చింది. ఆడోళ్లకు పల్లెవెలుగుల, ఎక్స్‌ప్రెస్‌ల టికెట్ పైసలు లేవన్నరు. ఇన్నేండ్లు బిడ్డను సూడనీకి గూడ పైసలు లెక్కపెట్టుకున్న తల్లులు ఇప్పుడు ఆధార్ కార్డు చేతుల పట్టుకొని బస్సెక్కుతుండ్రు. నాకు గది చూస్తె కడుపు నిండుతది. మీ ఫోటోలల్ల ఫుట్‌బోర్డు దాక నిండిన బండ్లు ఉన్నయి గదా, గవి చూసి “రష్షు” అని ఊకోవద్దు. గా రూటుకు ఇంకో బండి కావాలని గా ఫోటోనే చెప్తున్నది. 2024ల నిజామాబాద్‌కు కరెంటు బస్సులు గూడ వచ్చినయి. మళ్ల గదే లెక్క బిడ్డా. చార్జింగ్ ఎక్కడ్నో, ఒక్క చార్జికి ఎంత దూరం పోతదో చూసి రూటు కట్టాలె. బ్యాటరీ బాగున్నదా అని చూసుకోకుండ బండిని బయటికి పంపే కాలం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇప్పుడు మీరడిగినదానికి నా జవాబు. మంచి బండి అంటే కొత్త బండి గాదు. ఆ తొవ్వకు, ఆ మనుషులకు, ఆ యాళకు ఆగకుండ అందే బండే మంచి బండి. ఒక డిపో ఎట్ల నడుస్తున్నదో తెల్వాలంటే హైదరాబాద్ బండి మెరుపు చూస్తె సరిపోదు, ఆఖరి ఊరికి పోయే బండి పొద్దుగాల టైముకు చాలైతున్నదా అన్నది చూడాలె.

మీరు ఫోటో కింద నంబరు, డిపో, కంపెనీ రాస్తరు. మంచిదే. ఇక మీద దాని పక్కన ఇంకో నాలుగు రాయండ్రి. పొద్దటి మొదటి ట్రిప్పు ఎన్నింటికి, రాత్రి ఆఖరిది ఎన్నింటికి, ఏ ఊర్ల పండుకుంటది, ఎవరెవరు ఎక్కుతుండ్రు. మా కాలం చార్టులు కాయితాల మీద రాసి, చెదలు పట్టి పోయినయి. మీ కాలంవి పోవద్దు. రేపు పొద్దుగాల బోధన్ బస్టాండ్‌కు పోయి, నైట్ హాల్ట్ నుంచి వచ్చిన డ్రైవరన్నకు ఒక చాయ్ తాపి, కూసోబెట్టి అడుగుండ్రి. మర్యాదగ అడిగితె ఆయన నాకంటె ఎక్కువ చెప్తడు.