ఇంజను వెనకాల పెట్టెలు: అమెరికా మిడ్‌వెస్ట్ రైళ్ల ఎదుగుదల, పతనం

అమెరికా మిడ్‌వెస్ట్‌లో, అంటే ఇల్లినాయ్, అయోవా, విస్కాన్సిన్, మిన్నెసోటా, మిస్సోరి ప్రాంతాల్లో, ప్యాసింజరు బళ్ల కాలం ఎలా ముగిసిందని అడిగితే అందరూ చెప్పే జవాబు ఒకటే: జనం కార్లు కొనుక్కున్నారు, దూరం పోయేవాళ్లు విమానం ఎక్కారు, రైళ్లు ఖాళీ అయ్యాయి. 1940లో మిల్వాకీలో మొదలైన ‘ట్రెయిన్స్’ పత్రిక నాటి నుంచి పోగుపడిన జ్ఞాపకాల సాహిత్యంలో ఆవిరి ఇంజను పొగ ఉంది, తళతళలాడే స్టీలు బళ్లున్నాయి, భోజనాల పెట్టెలో బల్లల మీద తెల్లటి గుడ్డలున్నాయి. ఆ జ్ఞాపకాలు అబద్ధాలు కావు. అయితే అవన్నీ ప్రయాణికుడు కూర్చున్న పెట్టెలకు సంబంధించినవి. ఆ పెట్టెలకు ముందు, ఇంజనుకు ఆనుకుని తగిలించిన పెట్టెల సంగతి వాటిలో దాదాపు లేదు. బండి బతుకంతా ఆధారపడింది ఆ ముందు పెట్టెల మీదే.

తొలి దశ అందరికీ తెలిసిందే. 1848లో గెలీనా అండ్ చికాగో యూనియన్ కంపెనీ ‘పయొనీర్’ అనే చిన్న ఇంజనుతో చికాగో నుంచి పడమటికి బండి నడిపింది. ప్రభుత్వం దఖలుపరచిన సుమారు 25 లక్షల ఎకరాల భూమి ఆసరాతో ఇల్లినాయ్ సెంట్రల్ 1856కల్లా 705 మైళ్ల లైను పూర్తిచేసింది. అదే ఏడాది రాక్ ఐలండ్ దగ్గర మిసిసిపీ మీద తొలి రైలు వంతెన లేచింది. రెండు వారాలకే ‘ఎఫీ ఆఫ్టన్’ అనే స్టీమరు దాన్ని గుద్దుకుని కాలిపోతే, ఆ దావాలో వంతెన కంపెనీ తరఫున వాదించిన వకీళ్లలో అబ్రహాం లింకన్ ఒకరు. 1865లో చికాగోలో పశువుల యార్డులు తెరిచారు. ధాన్యం రవాణా చార్జీల మీద రైతులు చేసిన ఆందోళన చివరికి 1887లో అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ పుట్టుకకు దారితీసింది. ఆ కమిషన్ పాత్ర తర్వాతి కథలో చాలా పెద్దది.

చరిత్రకారులు ఒకటి రెండు వాక్యాలతో దాటేసే సంఘటన 1864 ఆగస్టులో జరిగింది. చికాగో తపాలా అధికారి జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ చొరవతో చికాగో నుంచి అయోవాలోని క్లింటన్‌కు వెళ్లే బండిలో, దారిలోనే ఉత్తరాలు వేరుచేసే పెట్టె నడిచింది. తెలుగు పాఠకులకు ఇది ఆర్.ఎం.ఎస్. పెట్టెగా తెలిసినదే. ఆ తర్వాత నూరేళ్లపాటు మిడ్‌వెస్ట్‌లో చెప్పుకోదగ్గ ప్రతి ప్యాసింజరు బండికీ అలాంటి పెట్టె ఉండేది.

బండి ఆగని ఊళ్లలోనూ తపాలా ఆగేది కాదు. పట్టాల పక్కనున్న ఇనప స్తంభానికి కాన్వాసు సంచిని, నడుము దగ్గర బిగించి కట్టి, వేలాడదీసేవారు. బండి గంటకు అరవై మైళ్ల వేగంతో వస్తుండగా గుమస్తా తలుపు దగ్గరి ఇనప కొక్కేన్ని బయటికి తిప్పితే అది సంచిని నడుము దగ్గర పట్టుకుని లాగేసేది. ఆ ఊరికి దించాల్సిన సంచిని అతను అదే ఊపులో కాలితో బయటికి తన్నేవాడు. కాస్త అటూ ఇటూ అయితే సంచి చక్రాల కింద పడి ఉత్తరాలు పేలికలయ్యేవి. లోపల ఊగుతున్న నేల మీద నిలబడి గూళ్లలోకి ఉత్తరాలు వేసే గుమస్తాలకు ఏ ఊరి ఉత్తరం ఏ జంక్షన్లో ఏ బండికి మారాలో కంఠతా రావాలి, అందుకు పరీక్షలుండేవి. పక్క పెట్టెలో మీగడ క్యాన్లు, పత్రికల కట్టలు, కిచకిచలాడే ఒకరోజు కోడిపిల్లల అట్టపెట్టెలు. చిన్న ఊరికి ఆ బండి సంతా అదే, తపాలా కచేరీ అదే.

గూడ్సు బళ్లదీ ఇలాంటి అల్లికే. రైతు గుర్రబ్బండి మీద ధాన్యం తోలుకొచ్చి చీకటి పడేలోగా ఇల్లు చేరగలిగేంత దూరానికో స్టేషను, స్టేషను పక్కనే ధాన్యం ఎత్తి నిలవచేసే ఎలివేటరు. నలభై అడుగుల మూత వ్యాగన్ల తలుపులకు లోపలి నుంచి చెక్కలు కొట్టి అందులో గోధుమలు, మొక్కజొన్న పోసేవారు.

1934 మే 26న బర్లింగ్‌టన్ కంపెనీ ‘జెఫిర్’ డెన్వర్ నుంచి చికాగోకు 1,015 మైళ్లు 13 గంటల 5 నిమిషాల్లో పరుగెత్తింది. మరుసటి ఏడాది మిల్వాకీ రోడ్ ‘హయవాతా’, నార్త్ వెస్టర్న్ ‘400’ వచ్చాయి. జ్ఞాపకాల సాహిత్యం ఎక్కువగా నిలిచేది ఇక్కడే. ఆ కాలపు స్లీపర్ బోగీల్లో రాత్రంతా మేలుకుని పనిచేసిన నల్లజాతి పోర్టర్ల సంగతి మాత్రం అందులో చాలాకాలం రాలేదు. వాళ్లు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో 1925లోనే సంఘం కట్టుకున్నారు.

అసలు వివాదం 1946 నుంచి 1967 వరకు సాగిన కాలం గురించి. కార్ల వాదంలో నిజం లేకపోలేదు. బ్రాంచి లైన్లలో ఫోర్డు మోడల్ టి దెబ్బ 1920లలోనే తగిలింది. అక్కడ ప్యాసింజరు బళ్లను మోటారు పెట్టెలతో లాక్కురావలసి వచ్చింది. కానీ మెయిన్ లైన్ల బళ్లు ఆ తర్వాత మరో నలభై ఏళ్లు నడిచాయి. వాటిని దెబ్బతీసిన కారణాలు వేరు. 1946 ఏప్రిల్ 25న ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్ దగ్గర బర్లింగ్‌టన్ కంపెనీ ‘ఎక్స్‌పొజిషన్ ఫ్లయర్’ ముందాగిన మరో బండిని ఢీకొని నలభై మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది కమిషన్, ఇంజనులోనే సిగ్నలు కనిపించే ఏర్పాటో, బండిని దానంతట అదే ఆపే యంత్రమో లేని లైన్ల మీద వేగం 80 మైళ్లకు చేరకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ యంత్రాలకు డబ్బు పెట్టలేని కంపెనీలు 79 మైళ్ల దగ్గర ఆగిపోయాయి. యుద్ధకాలంలో టికెట్ల మీద వేసిన పన్ను 15 శాతం దాకా పెరిగి, 1962 వరకు పూర్తిగా పోలేదు. అయితే విమాన టికెట్లకూ ఆ పన్ను ఉండేది కనుక దానికి ఎక్కువ బరువు ఇవ్వకూడదు. 1956 నాటి హైవేల చట్టం బరువు మాత్రం కాదనలేనిది.

ఇన్నిటిని తట్టుకున్న బళ్లు తపాలా రాబడి పోవడాన్ని తట్టుకోలేకపోయాయి. 1963లో జిప్ కోడ్ వచ్చింది. ఉత్తరాలను పెద్ద కేంద్రాల్లో పోగుచేసి వేరుచేసే పద్ధతి బలపడింది. 1967 సెప్టెంబరులో తపాలా శాఖ రైలు పెట్టెల్లో చాలావాటిని ఒక్కసారిగా ఎత్తేసింది. వారాలు తిరగకుండానే శాంటా ఫే కంపెనీ ఆ కారణమే చూపి తన ప్యాసింజరు బళ్లలో అత్యధిక భాగం ఆపేస్తానని ప్రకటించింది. బళ్లు ముందే తగ్గిపోయినందువల్లే తపాలా శాఖ లారీలకు, విమానాలకు మళ్లిందన్నది ఎదుటి వాదం. అందులోనూ పస ఉంది. రెండు క్షీణతలూ ఒకదాన్నొకటి లాగాయి. కంపెనీలు చూపిన ప్యాసింజరు నష్టాల లెక్కలోనూ తేడాలున్నాయి. గూడ్సుకూ ప్యాసింజరుకూ ఉమ్మడైన ఖర్చును పంచే సూత్రాన్ని ఆనాడే చాలామంది ఒప్పుకోలేదు. అయినా ఏ బళ్లు ఎప్పుడు ఆగాయో వరుసగా చూస్తే, జనం లేక ఆగాయనడం కంటే తపాలా పోయి ఆగాయనడమే ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. 1971 మే 1న ప్రభుత్వ ప్యాసింజరు రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్ వచ్చేనాటికి మిగిలిన కొద్ది బళ్లలోనూ దాదాపు సగం ఆ రోజే ఆగిపోయాయి.

గూడ్సు వైపు తప్పు కంపెనీలదీ కమిషన్‌దీ కూడా. చికాగో, ఒమాహాల మధ్య ఆరు కంపెనీల లైన్లు పక్కపక్కనే నడిచేవి. అంత సరుకు ఎక్కడా లేదు. వాటిలో ఒకటైన రాక్ ఐలండ్ కంపెనీని యూనియన్ పసిఫిక్ కంపెనీలో కలిపే దరఖాస్తు మీద కమిషన్ పదేళ్లకు పైగా విచారణ సాగించి 1974లో తేల్చింది. అప్పటికి రాక్ ఐలండ్ పట్టాలు నాశనమయ్యాయి, యూనియన్ పసిఫిక్ వెనక్కి తగ్గింది. కంపెనీ 1975లో దివాలా తీసి, 1980 మార్చి 31న మూతపడింది. మిల్వాకీ రోడ్ 1977లోనే దివాలా తీసింది. 1980 స్టాగర్స్ చట్టం చార్జీల మీద కమిషన్ పట్టు సడలించడంతో మిగిలిన కంపెనీలు నిలదొక్కుకున్నాయి.

ఆ నిలదొక్కుకోవడాన్ని విజయంగా చెప్పేవాళ్లు దాని ఖర్చును తక్కువ చేసి చూపుతారు. నేడు నూరు వ్యాగన్ల ధాన్యం బళ్లు పెద్ద ఎలివేటర్ల దగ్గరే నిండుతాయి. చిన్న ఊళ్ల ఎలివేటర్లకు పట్టాలే లేవు, వాటి రైతులు లారీ చార్జీలు భరించి అంత దూరం తోలుకెళ్లాలి. బండి చివర గార్డు పెట్టె 1980లలోనే పోయింది. ఇటీవలి దశాబ్దంలో ఖర్చు తగ్గింపు పేరుతో సిబ్బందిని కుదించిన కంపెనీలు వాటాదారులకు చేసిన మేలు సరుకు పంపేవాళ్లకు చేయలేదు.

మొదటి జెఫిర్ చికాగో సైన్స్ మ్యూజియంలో ఉంది. యూనియన్ అనే ఊళ్లో ఇల్లినాయ్ రైల్వే మ్యూజియం పాత బళ్లను బాగుచేసి నడుపుతుంది. ఆ శ్రమ విలువైనదే. ప్రయాణాల్లో మెరుగుదల ఒకచోట స్పష్టంగా ఉంది: చికాగో, సెయింట్ లూయిస్ మధ్య 2023 నుంచి బళ్లు 110 మైళ్ల వేగం అందుకుంటున్నాయి. కానీ 1935లో హయవాతా ఆరున్నర గంటల్లో చేరిన చికాగో, సెయింట్ పాల్ దూరానికి 2024లో మొదలైన ‘బొరియాలిస్’ దాదాపు ఏడున్నర గంటలు తీసుకుంటోంది. అది నడిచేది గూడ్సు కంపెనీ పట్టాల మీద, 79 మైళ్ల పరిమితికి లోబడి.