ఆ మంచం ఎవరి గుమ్మం వైపూ తిరగలేదు

పోస్ట్ కొంచెం పొడుగైంది, తీరిక దొరికినప్పుడు చదవండి.

మేము ఐదుగురం గచ్చిబౌలి దగ్గర హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. అందరం భద్రాచలం ఏజెన్సీ కోయ పిల్లలమే. ముగ్గురి ఇళ్ళల్లో చర్చికి వెళ్తారు, ఇద్దరి ఇళ్ళల్లో ఇలవేల్పు కొలుపులే. రూములో దీని మీద ఎప్పుడూ గొడవ లేదు, ఎందుకంటే మాట్లాడుకునేవాళ్ళం కాదు. పోయిన వానాకాలంలో మాలో ఒకడి తాతకి జబ్బు చేసింది. అప్పుడు మాట్లాడుకోక తప్పలేదు.

తాతని ఇక్కడికే తీసుకొచ్చారు, ఈ ఐటీ రోడ్డు మీదున్న ఒక పెద్ద ఆసుపత్రికి. క్యాన్సరు. వారాలే అని డాక్టరు చెప్పాడు. వార్డు కిటికీలోంచి చూస్తే అద్దాల బిల్డింగులు, రాత్రంతా లైట్లు. తాత అవన్నీ చూసి "ఇక్కడ ఎవరూ పడుకోరా?" అని అడిగాడు. మూడో రోజు "నన్ను ఇంటికి తీసుకపోండ్రా" అన్నాడు. పక్కన కూచున్న మాతో ఇంకో మాట అన్నాడు: "నేను పోయినాక ఎవర్నీ అనమాకండి. పిలుపొచ్చింది, పోతున్నా. మళ్ళీ అక్కడ కలుస్తాం."

చర్చి ఇళ్ళల్లో పెరిగినవాళ్ళం కాబట్టి పిలుపు సంగతి, అక్కడ కలుస్తామనే సంగతి మాకు తెలుసు. మా చర్చి వైపు సమాధుల మీద "ప్రభువునందు నిద్రించెను" అనే రాస్తారు, చనిపోయెను అని రాయరు. కానీ అన్నిటికంటే ముందు "ఎవర్నీ అనమాకండి" అని ఎందుకన్నాడు? అది మాకు అర్థం కాలేదు. ఆ ప్రశ్నతోనే లైబ్రరీలో పాత పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాం.

దొరికింది ఇది. 1909లో వచ్చిన తర్స్టన్ 'దక్షిణ భారతదేశపు కులాలు, తెగలు' పుస్తకంలో కోయల గురించిన భాగం చాలావరకు జాన్ కెయిన్ అనే పాదిరి రాసిన సంగతులే. ఆయన 1870ల నుంచి దుమ్ముగూడెంలో ఉన్నాడు. మనవాళ్ళ చావు గురించి ఆయన రాసింది చదువుతుంటే కొన్నిచోట్ల కోపం వస్తుంది, ఎందుకంటే మన నమ్మకాలన్నీ ఆయనకి మూఢనమ్మకాలే. కొన్నిచోట్ల మాత్రం ఆగిపోయి మళ్ళీ చదివాం. పెద్దవాళ్ళని కాల్చేవాళ్ళట, ఆవునో ఎద్దునో కోసి దాని తోకని చనిపోయినవాడి చేతిలో పెట్టేవాళ్ళట. నెల నిండని బిడ్డ పోతే ఇంటి పక్కనే పాతిపెట్టేవాళ్ళట. చూరు నీళ్ళు ఆ గోతి మీద పడితే ఆ తల్లికి మళ్ళీ బిడ్డ పుడుతుందని. ఇది చదివి మా రూములో కొలుపుల ఇంటివాడు ఒక మాట అన్నాడు: "ఆశ మీ చర్చితోనే వచ్చిందని ఎవరన్నా అంటే ఈ పేజీ చూపిస్తా." నిజమే. ఒప్పుకున్నాం.

ఆ తర్వాతి పేజీలో మంచం సంగతి వచ్చింది. వయసులో ఉన్నవాడు ఉన్నట్టుండి పోతే అది మామూలు చావు అనుకునేవాళ్ళు కాదు, ఎవరో చేతబడి చేశారనుకునేవాళ్ళు. శవాన్ని మంచం మీద మోస్తూ ఊళ్ళో తిరిగేవాళ్ళు. మంచం ఎవరి ఇంటి వైపు ఊగితే ఆ ఇంటివాడే దోషి. తప్పు చేయలేదని రుజువు చేసుకోవడానికి అతను కాగే నూనెలోనో నీళ్ళలోనో చెయ్యి పెట్టాలి. ఊరు వదిలి పారిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. అంటే ఒక ఇంట్లో చావు జరిగితే ఊళ్ళో ఇంకో ఇల్లు భయంతో వణకాలి. చనిపోయినవాడి కోసం ఏడ్చే తీరిక కూడా ఉండదు.

దీన్ని పాతకాలం సంగతి అని తీసిపారేయలేం. చిల్లంగి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన ఏజెన్సీ నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఒంటరి ముసలామెలే ఎక్కువ భయపడతారని మనందరికీ తెలుసు, గ్రూపులో రాయడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు.

ఇక చర్చి మన దగ్గరికి ఎలా వచ్చిందో చూద్దాం. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేశాడు. కాటన్ దొర పథకం ప్రకారం ఎగువ గోదావరిలో పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకుల పని పెట్టారు. 1871లో ఆ పథకాన్నే వదిలేశారు. ఆ పనులు చూసే ఇంజినీరు హేగ్. కోయల మధ్య మిషన్ పని మొదలుకావడానికి కారణం ఆయనే. కానీ ఊళ్ళల్లో మొదట తిరిగింది తెల్లవాడు కాదు, వెంకటరామరాజు. ఆనకట్ట పనుల్లో ప్రభుత్వ ఉద్యోగం చేసే తెలుగు మనిషి. విశ్వాసి అయ్యాక ఉద్యోగం వదిలేసి మనవాళ్ళ దగ్గర ఉండిపోయాడు. కెయిన్ వచ్చింది ఆ తర్వాత. లూకా సువార్తని కోయ మాటలోకి తెచ్చింది కూడా ఈయనే. మన భాషకి లిపి లేదని వెక్కిరించేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

ఆ రోజుల్లో మన్యం జ్వరం అంటే మైదానం నుంచి ఉద్యోగానికి రావడానికే భయపడేవాళ్ళు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన జ్వరం ఎవర్నీ వదిలిపెట్టదు. మరి ఆ మొదటి విశ్వాసులకి దొరికింది ఏంటి? నిత్యజీవం అని పాస్టరుగారు వెంటనే చెప్తారు. తాత మాట విన్నాక, కెయిన్ పేజీలు చదివాక మాకు ఇంకోటి కూడా కనపడుతోంది. చావుకి వెనక ఒక హంతకుడు ఉండనక్కర్లేదు అనే మాట. ప్రాణం ఇచ్చినవాడే పిలుచుకున్నాడు అని నమ్మితే మంచం ఎవరి గుమ్మం వైపూ తిరగక్కర్లేదు. పునరుత్థానం మీద నమ్మకం చనిపోయేవాడికి ధైర్యం ఇస్తుందని అందరూ అంటారు. మన ఊళ్ళల్లో అది పక్కింటివాడి ప్రాణం కూడా కాపాడింది అని మా అభిప్రాయం. తాత వరసలో ముందు పెట్టింది అదే.

చర్చి తప్పు చేయలేదని మేము అనట్లేదు. డోలు వద్దన్నారు, కొలుపుకి పోతే పాపం అన్నారు. దాంతో అన్నదమ్ములు ఒకరి చావుకి ఒకరు వెళ్ళని ఊళ్ళు ఉన్నాయి. అది మనకి జరిగిన నష్టమే.

శిలువ గురించి ఒక వింత సంగతి చెప్పాలి. ములుగు జిల్లా కాటాపూర్ వైపు, గోదావరి పక్క అడవుల్లో పాత రాకాసి గుళ్ళు ఉన్నాయి కదా, పెద్ద బండలతో కట్టిన సమాధులు. వాటి దగ్గర శిలువ ఆకారంలో చెక్కిన రాళ్ళు నిలబడి ఉంటాయి. 1872లో ఫెర్గూసన్ అనే పండితుడు వాటి బొమ్మలు వేసి, ఇవి క్రైస్తవులవే అని వాదించాడు. ఇప్పటి పురావస్తు పరిశోధకులు అలా అనరు. అవి మనిషి ఆకారాలు, చాచిన చేతులు. చనిపోయినవాళ్ళ దగ్గర నిలబెట్టిన మనుషులు. ఏసు పుట్టకముందు నుంచే వస్తున్న ఆచారం. రెండు చేతులు చాచి నిలబడ్డ మనిషిని సమాధి దగ్గర పెట్టాలని మన అడవిలో ఎవరికి తోచిందో.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఇక్కడే, గచ్చిబౌలిలో హైదరాబాద్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇనుప యుగం సమాధులు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఇలాంటి సమాధుల్లో శవంతో పాటు కుండలు, ఇనుప పనిముట్లు పెట్టేవాళ్ళు. పోయినవాడికి పనికొస్తాయని. 1998లో సైబర్ టవర్స్ తెరిచాకే ఈ ప్రాంతం పుట్టింది అన్నట్టు మాట్లాడతారు కానీ ఈ బండల కింద అంతకు ముందే మనుషులు పడుకొని ఉన్నారు. ఇప్పుడు కట్టే టవర్ల బోర్డుల మీద స్విమ్మింగ్ పూల్, జిమ్ అన్నీ ఉంటాయి. పోతే ఎక్కడ పెడతారో ఏ బోర్డు మీదా ఉండదు. మేము చూశాం.

ఎక్కడ పెడతారు అనేది మన వైపు చిన్న ప్రశ్న కాదు. 2025 జనవరి 7న బస్తర్‌లోని ఛింద్‌వాడా ఊళ్ళో ఒక పాస్టరు చనిపోయాడు. సొంత ఊళ్ళో భూస్థాపన చేయనివ్వలేదు. శవం ఇరవై రోజులు మార్చురీలో ఉంది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. జనవరి 27న ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పి, చివరికి వేరే ఊరిలోని క్రైస్తవ శ్మశానంలో పెట్టమన్నారు. మన ఎస్టీ హోదాకి మతంతో సంబంధం లేదని చట్టం చెప్తోంది. అయినా చర్చికి పోయేవాళ్ళని జాబితా నుంచి తీసేయాలనే డిమాండ్ గట్టిగా వినపడుతోంది. ఈ పోస్ట్ పెట్టాలా వద్దా అని మేము వారం రోజులు ఆలోచించింది అందుకే.

తాత ఇంటికి చేరిన పదకొండో రోజు పోయాడు. కబురు రాగానే ఐదుగురం మియాపూర్‌లో రాత్రి బస్సెక్కాం. పొద్దున ఊరు చేరేసరికి వాకిట్లో గొడవ. డోలు కొట్టాల్సిందే అని పెద్దలు, కుదరదు అని పాస్టరు. రెండు వైపులా తాత మనుషులే. గంటసేపు అయినా తేలలేదు. చివరికి అవ్వ బయటికి వచ్చి, "ఊరు చివర దాకా మీరు కొట్టండి. అక్కణ్ణుంచి మీరు పాడండి" అంది. అంతే. చింతచెట్టు దాకా డోలు, అక్కణ్ణుంచి కీర్తనలు. కొలుపుల ఇళ్ళవాళ్ళు కూడా గొయ్యి దాకా వచ్చారు. మంచం మోసినవాళ్ళల్లో మేమూ ఉన్నాం. దారిలో ఒంటరిగా ఉండే ఒక ముసలామె ఇల్లు ఉంది. ఆ వైపు రాగానే మా భుజాలు బిగుసుకున్నాయి, నిజం చెప్తున్నాం, ఎందుకంటే ఆ పేజీ మాకు గుర్తొచ్చింది. ఆమె గుమ్మంలో నిలబడి దండం పెట్టింది. మంచం నేరుగా ముందుకు పోయింది.

నవంబరు 2, సమాధుల పండుగ రోజు మళ్ళీ వెళ్ళాం. తాత తల దగ్గర సిమెంటు శిలువ పెట్టించారు. దాని పక్కనే వాగులో నుంచి తెచ్చిన నిలువు రాయి ఒకటి ఉంది. ఎవరు పెట్టారని అడిగితే అవ్వ నవ్వి, కొవ్వొత్తి మా చేతికిచ్చింది.