పట్టీ కట్టాక ఎవరు చూస్తారు?

జబ్ర్ అనే మాట వినగానే మనకు గుర్తొచ్చేది బలవంతం. జాబిర్ బాద్షా అంటే జాలిమ్ బాద్షా. జబ్రన్ లాక్కున్నారు అంటే దౌర్జన్యంగా లాక్కున్నారని. ఉర్దూలో ఆ మాట అలా స్థిరపడిపోయింది. కానీ అరబీలో దానికి ఇంకో పాత అర్థం ఉంది. విరిగిన హడ్డీని సరిచేసి కట్టడం కూడా జబ్రే. హడ్డీలు కట్టే మనిషిని అక్కడ ముజబ్బిర్ అంటారు. నమాజులో రెండు సజ్దాల మధ్య మనం చదివే దుఆలో కూడా ఈ ధాతువు నుంచి వచ్చిన మాట ఒకటి ఉంది. నా విరిగినదాన్ని సరిచెయ్యి యా అల్లాహ్ అని అడుగుతున్నామని తెలియకుండానే మనలో చాలామంది దాన్ని రోజూ పలుకుతుంటారు.

తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన హిసాబ్ కితాబ్ పేరులో ఉన్న ‘అల్ జబ్ర్’ నుంచే ఆల్జీబ్రా వచ్చింది. స్పెయిన్‌లో మాత్రం ఆ మాట లెక్కల దగ్గరే ఆగలేదు. హడ్డీలు కట్టేవాడిని కూడా అక్కడ చాలా కాలం ‘అల్జెబ్రిస్తా’ అన్నారు. సెర్వాంటెస్ రాసిన డాన్ క్విహోటే నవలలోనూ ఒక అల్జెబ్రిస్తా కనిపిస్తాడు.

ఆ స్పెయిన్‌లోనే, మన వాళ్లు అందలుస్ అని పిలిచే నేల మీద, ఖుర్తుబా పక్కన మదీనతుజ్జహ్రాలో అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ ఉండేవారు. సుమారు 1013లో ఆయన ఇంతెఖాల్ అయింది. ఆయన రాసిన ‘అత్తస్రీఫ్’లో 30 భాగాలు. ఆఖరి భాగం జర్రాహీ మీద. అందులో మూడో బాబ్ అంతా విరిగిన ఎముకలు, తొలగిన కీళ్ల గురించే. తిరగలి చుట్టూ పేరుకునే మెత్తని పిండిని గుడ్డు తెల్లసొనతో కలిపి ఎముక మీద లేపనంగా వేయమంటారు ఆయన. పుత్తూరు కట్టు తెలిసినవాళ్లకు ఇది వింటే తఅజ్జుబ్ వేస్తుంది. గుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు అక్కడా ఉన్నవే.

జహ్రావీ కితాబ్‌లో ఆ నుస్ఖా కంటే విలువైన సంగతి ఇంకొకటి ఉంది. వాపు ఉన్నప్పుడు తొందరపడి బిగించి కట్టొద్దు, వాపు తగ్గనివ్వండి. కట్టాక మరీజ్‌కు దర్ద్ పెరిగినా, దురద పుట్టినా, వాపు కనిపించినా కట్టు విప్పి చూడండి. వెయ్యేళ్ల కింద చెప్పిన మాట ఇది. కట్టడంతో పని అయిపోలేదు, కట్టాక చూడాలి అని దాని సారాంశం. ఈ కితాబ్ 12వ శతాబ్దంలో టొలెడోలో లాటిన్‌లోకి వెళ్లింది. యూరప్ జర్రాహ్‌లు దాన్ని కొన్ని వందల ఏళ్లు చదివారు.

తర్వాత తారీఖ్‌లో పెద్ద మార్పు 1852లో వచ్చింది. డచ్ ఫౌజీ డాక్టర్ మాథైసెన్ గుడ్డ పట్టీలకు ప్లాస్టర్ పొడి పట్టించి, నీళ్లలో తడిపి చుట్టే పద్ధతి చూపించాడు. మనం పిండికట్టు అనేది అదే. చుట్టిన కాసేపటికి రాయిలా గట్టిపడుతుంది. విరిగిన హడ్డీ కదలకుండా ఉండాలంటే ఇంతకంటే సులువైన దారి లేదు. అందుకే త్వరగా అన్ని దేశాలకూ పాకింది.

అయితే రాయిలాంటి కట్టు లోపల మాంసం వాస్తే అది ఎటు పోతుంది? 1881లో జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫోన్ ఫోల్క్‌మన్ దీని గురించి రాశాడు. చెయ్యి విరిగి, బిగుతైన కట్టు పడ్డ కొందరు పిల్లల వేళ్లు కొన్నాళ్లకు గోళ్లలా ముడుచుకుపోయి ఇక తెరుచుకోవడం లేదు. ఎముక అతుక్కుంది, చెయ్యి మాత్రం పోయింది. కారణం ఖూన్ అందకపోవడం. వాపు పెరిగే కొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. కొన్ని గంటలు అలాగే ఉంటే కండ చచ్చిపోతుంది. చచ్చిన కండ తర్వాత గట్టిపడి, కుంచించుకుపోయి వేళ్లను లాగేస్తుంది. ఆ స్థితికి ఇప్పటికీ ఫోల్క్‌మన్ పేరే ఉంది.

దీన్ని ఆపాలంటే కావలసింది కొత్త దవా కాదు. మరీజ్ పక్కన కూర్చుని గంటగంటకూ వేళ్లను చూసే మనిషి కావాలి. ఉర్దూలో ఆ పనికి తీమార్‌దారీ అని అందమైన మాట ఉంది. ఖందఖ్ జంగ్‌లో చేతికి బాణం తగిలిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను మస్జిద్ ఆవరణలో రుఫైదా (రజి) డేరాకు చేర్చారని సీరత్ కితాబుల్లో చదువుకున్నాం. జఖ్మీలను చూసుకోవడానికి ఒక ఔరత్, ఆమెకంటూ ఒక చోటు. అంత పాత సంగతి ఇది.

ఎముకల మరీజ్‌ల తీమార్‌దారీని ఒక ప్రత్యేక ఇల్మ్‌గా నిలబెట్టిన మనిషి మాత్రం ఇంగ్లండ్‌లో పుట్టింది. ఆమె పేరు ఆగ్నెస్ హంట్. 1866లో పుట్టింది. ఉన్నవాళ్ల ఇల్లే, కానీ బచ్‌పన్‌లోనే ఇన్ఫెక్షన్ తుంటిలోకి దిగి జిందగీ అంతా కుంటుతూనే నడిచింది. అయినా నర్సు పని నేర్చుకుంది. 1900లో ష్రాప్‌షైర్‌లో బాస్‌చర్చ్ అనే పల్లెలో, స్నేహితురాలు ఎమిలీ గుడ్‌ఫోర్డ్‌తో కలిసి రోగం నుంచి కోలుకునేవాళ్ల కోసం ఒక ఇల్లు తెరిచింది. కాళ్లు పనిచెయ్యని పిల్లలు రావడం మొదలైంది. వాళ్లను మెట్ల మీదుగా మోసుకెళ్లడం కుదరక తోటలో షెడ్లు వేయించింది. ఒక పక్క పూర్తిగా తెరిచి ఉండే షెడ్లు అవి. ఎముకల టీబీ, రికెట్స్ ఉన్న పిల్లలకు గాలి, వెలుతురు, మంచి తిండి ఎంత మేలు చేస్తాయో అక్కడ అందరూ కళ్లారా చూశారు.

తన తుంటి ఇలాజ్ కోసం ఆమె లివర్‌పూల్‌లో రాబర్ట్ జోన్స్ అనే సర్జన్ దగ్గరికి వెళ్లింది. తర్వాత తన దగ్గరున్న పిల్లల్నీ రైల్లో ఆయన దగ్గరికి తీసుకెళ్లేది. చివరికి ఆయనే బాస్‌చర్చ్‌కు రావడం మొదలుపెట్టాడు. ఈ జోన్స్ మామ హ్యూ ఓవెన్ థామస్. వేల్స్‌లో తరతరాలుగా హడ్డీలు కట్టే ఖాందాన్ నుంచి వచ్చి డాక్టర్ చదువు చదివిన మనిషి. విరిగిన కాలిని కదలకుండా చాపి పట్టుకునే ఇనుప చట్రం, థామస్ స్ప్లింట్, ఆయనదే. ఇంటి పెద్దల హునర్, కాలేజీ ఇల్మ్, రెండూ ఒకే మనిషిలో కలిశాయి.

ఆ చట్రం విలువ మొదటి ప్రపంచ యుద్ధంలో తెలిసింది. మొదట్లో తొడ ఎముక తుపాకీ గుండుతో విరిగిన సిపాయిల్లో పదిమందికి ఎనిమిది మంది చనిపోయేవారని చెప్తారు. జోన్స్ పట్టుబట్టి థామస్ స్ప్లింట్‌ను మైదానానికే పంపించాడు. జఖ్మీలను మోసేవాళ్లకు చీకట్లో కూడా దాన్ని కట్టగలిగేలా కళ్లకు గంతలు కట్టి మరీ నేర్పారు. యుద్ధం ముగిసే నాటికి ఆ మరణాలు పదిమందిలో ఇద్దరికి పడిపోయాయి. చట్రం పాతదే. దాన్ని తొందరగా, సరిగా కట్టే చేతులు మాత్రం కొత్తవి.

ఆగ్నెస్ హంట్ గమనించిన ఇంకో సంగతి మనకు మరీ ముఖ్యం. బాగై ఇంటికెళ్లిన పిల్లలు కొందరు కొన్నాళ్లకు మళ్లీ వంకర కాళ్లతో తిరిగొస్తున్నారు. చట్రం వదులైనా, బూటు చిన్నదైనా ఇంట్లో చూసేవాళ్లు లేరు. అందుకని చుట్టుపక్కల ఊళ్లలో క్లినిక్‌లు పెట్టించింది. నర్సులే అక్కడికెళ్లి పిల్లల్ని చూసేవారు. ఆసుపత్రి గుమ్మం దాటాక కూడా ఇలాజ్ నడుస్తూనే ఉంటుందని ఆమె అలా చేసి చూపింది. 1921లో ఆ ఆసుపత్రి ఆస్వెస్ట్రీకి మారింది. 1926లో ఆమెకు డేమ్ బిరుదు ఇచ్చారు. 1927లో వికలాంగ యువతకు చేతిపనులు నేర్పే కాలేజీ తెరిచింది. 1948లో కన్ను మూసింది. ఆ ఆసుపత్రికి ఇవాళ్టికీ రాబర్ట్ జోన్స్, ఆగ్నెస్ హంట్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. సర్జన్ పేరు పక్కన నర్సు పేరు ఉన్న పెద్ద దవాఖానాలు దునియాలో ఎన్ని ఉంటాయి?

మన హైదరాబాద్‌కూ ఈ తారీఖ్‌లో చోటుంది. పంజాగుట్టలో ఇప్పుడు నిమ్స్ అని పిలిచే దవాఖానా 1960ల్లో నిజాం ట్రస్ట్ పైసలతో ఎముకల ఆసుపత్రిగానే మొదలైంది. తర్వాత ప్రభుత్వం చేతికొచ్చి అన్ని జబ్బుల ఆసుపత్రి అయింది.

ఇక మన ఇళ్ల సంగతి. బచ్చా మేడ మీద నుంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంటే కొందరు దవాఖానాకు పోతారు, కొందరు కట్టు కట్టేవాళ్ల దగ్గరికి పోతారు. ఎక్కడికి పోయినా రాత్రికి ఇంటికే వస్తారు. ఆ రాత్రి నర్సు ఉండదు, అమ్మీ ఉంటుంది. బచ్చా ఏడుస్తుంటే ‘విరిగింది కదా బేటా, సబర్ చెయ్’ అంటుంది. ఆ సబర్‌కు హద్దు ఉండాలి. ఆర్థో వార్డులో నర్సులు చూసేవి ఇవి: వేళ్ల రంగు పాలిపోయిందా, నీలంగా మారిందా. చల్లబడ్డాయా. తిమ్మిరెక్కాయా. బచ్చా తనంతట తాను వేళ్లు కదపగలుగుతున్నాడా. మనం మెల్లగా వేళ్లు చాపితే ప్రాణం పోయినట్టు అరుస్తున్నాడా. దవా ఇచ్చినా దర్ద్ తగ్గకుండా పెరుగుతోందా. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు, ఆ గంటే దవాఖానాకు పోవాలి. మణికట్టు దగ్గర నబ్జ్ కొట్టుకుంటోంది కదా అని భరోసా పడొద్దు. నబ్జ్ ఉండగానే లోపల కండ చచ్చిపోవచ్చు. కట్టు పడ్డ మొదటి ఒకటి రెండు రోజులు ఇలా చూస్తూనే ఉండాలి. చేతిని దిండు మీద కాస్త ఎత్తులో పెట్టాలి.

దాదీ జారిపడి తుంటి విరిగినప్పుడు మనం చేసే పొరపాటు ఇంకో రకం. కదపొద్దు, పడుకోనివ్వండి అంటాం. అదే ఖిద్మత్ అనుకుంటాం. రోజుల తరబడి మంచం మీదే ఉంటే వీపుకు పడక పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాలి నరాల్లో ఖూన్ గడ్డలు. అందుకే ఇప్పుడు డాక్టర్లు వీలైనంత త్వరగా ఆపరేషన్ చేసి, మరుసటి రోజే పట్టుకుని లేపి నిలబెడతారు. ముసలావిడను ఇంత తొందరగా లేపుతారా, ఇది జుల్మ్ కాదా అని నర్సు మీద కోప్పడే ఇళ్లు ఉన్నాయి. ఆమె చేస్తున్నది జుల్మ్ కాదు, ఆ పాత అర్థంలో జబ్ర్. ఇంటికొచ్చాక ఆ పని కొడుకులు, కోడళ్లు, మనవలు చెయ్యాలి. పూటకోసారి దాదీని లేపి నాలుగడుగులు నడిపించాలి, రోజూ వీపు, మడమలు చూడాలి.