బొమ్మ మీద నేర్చుకునే ఊపిరి పాఠం



మన బాగలూరు, హోసూరు పక్క ఊళ్ళ ఆడపిల్లలు ఎందరో బెంగళూరులో నర్సింగు, అనస్థీషియా టెక్నాలజీ చదువుతా ఉన్నారు. "అంత ఫీజు కట్టి పంపిస్తే రబ్బరు బొమ్మలతో ఆడిస్తారంట" అని మన పెద్దలు కొందరు అంటారు. ఆ బొమ్మ వెనక పెద్ద చరిత్రే ఉంది.

1847లో ఎడిన్‌బరో డాక్టరు సింప్సన్ క్లోరోఫారంతో మత్తు ఇచ్చే పద్ధతి తెచ్చినారు. మూడు నెలలు తిరక్కముందే, 1848 జనవరిలో, ఇంగ్లాండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏండ్ల పిల్ల కాలిగోరు తీసేటప్పుడు ఆ మత్తులోనే చనిపోయింది. ముందు ఆగేది గుండెనా, ఊపిరినా? డాక్టర్లు ఏండ్ల తరబడి వాదులాడుకున్నారు.

ఆ వాదం మన తెలుగు నేలకే వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చినారు. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ 1888, 1889లో హైదరాబాదులో రెండు కమిషన్లు నడిపినారు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చినారు. వందల జంతువుల మీద పరీక్షలు చేసి, "నాడిని కాదు, ఊపిరిని చూడండి" అని తేల్చినారు. ఆ ఊళ్ళోనే మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ, లోకంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరైనారు.

తర్వాత 1911లో లెవీ అనే ఆయన, క్లోరోఫారం గుండెను కూడా నేరుగా ఆపగలదని చూపించినారు. కాబట్టి నాడిని వదిలేయమన్న మాట నిలవలేదు. ఊపిరిని చూడమన్న మాట నిలిచింది.

పసిపిల్లల విషయంలో ఆ మాట ఇంకా ముఖ్యం. వాళ్ళ నోటికి నాలుక పెద్దది, గాలిదారి సన్నం. తల వెనక భాగం పెద్దది కాబట్టి, వెల్లకిలా పడుకోబెడితే మెడ ముందుకు వంగి దారి మూసుకుంటుంది. ఊపిరి ఆగితే ఒంట్లో ఆక్సిజన్ తొందరగా అయిపోతుంది, వెంటనే గుండె నెమ్మదిస్తుంది.

1960లో నార్వే బొమ్మల వ్యాపారి ఆస్మండ్ లేర్డాల్, నోటితో ఊపిరి ఊదడం నేర్పే బొమ్మను చేసినారు. ఈ కాలంలో పసిబిడ్డ బొమ్మలూ ఉన్నాయి. భుజాల కింద గుడ్డ మడిచి పెట్టడం, మాస్కు గట్టిగా ఆనించడం, గొట్టం అందించడం, ఎప్పుడు డాక్టరును కేకేయాలో తెలుసుకోవడం, అన్నీ దానిమీదే మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. అమెరికాలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు కూడా మత్తు ఇస్తారు. మన దేశంలో ఇచ్చేది డాక్టరే అయినా, పక్కన నిలబడేవాళ్ళ చేయి తడబడకూడదు.

మా రైల్వేలో కూడా స్టేషన్ మాస్టర్లు ముందు మోడల్ గదిలో బొమ్మ రైళ్ళు నడిపి నేర్చుకుంటారు. అక్కడ రైళ్ళు గుద్దుకుంటే ఎవరూ చావరు.

బిడ్డను చదివించే మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కాలేజీలో చేర్పించే ముందు ఒక మాట అడగండి: "పసిబిడ్డ బొమ్మ ఉందా? మా పాప దానిమీద ఎన్నిసార్లు చేస్తుంది?"